మేఘాద్రి గెడ్డలో కనిపించిన గోధుమరంగు బాతులు వలస వచ్చినవేనా?

పెందుర్తి మాస్టారు – ప్రశ్న

నమస్కారం. నేను పెందుర్తిలో ఉంటూ ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతున్నాను. పక్షుల విషయంలో మాత్రం నాకు ఎక్కాలు కూడా రావు. ఎనిమిదవ తరగతి చదువుతున్న మా అమ్మాయి, చలికాలానికి మన చెరువులకు సైబీరియా నుంచి బాతులు వస్తాయని ఎక్కడో చదివి, దసరా సెలవులు మొదలైన దగ్గర నుంచి చూపించమని పట్టు పట్టింది. మేఘాద్రి గెడ్డ జలాశయం మాకు దగ్గరే కనుక, తోటి ఉపాధ్యాయుని దగ్గర బైనాక్యులర్ అరువు తీసుకుని, మొన్న ఆదివారం ఉదయం తొమ్మిది గంటల ప్రాంతంలో ఇద్దరం అక్కడికి వెళ్ళాము.

వానలకు జలాశయం నిండుగా ఉంది. అవతలి ఒడ్డున తుంగ పెరిగిన చోట నూట యాభైకి తక్కువ కాకుండా గోధుమరంగు బాతులు గుంపుగా ఉన్నాయి. ఒక గేదె నీళ్ళలోకి దిగగానే అవన్నీ ఒక్కసారిగా లేచి, సన్నగా ఈల వేసినట్లు అరుస్తూ, రెండు చుట్లు తిరిగి మళ్ళీ అక్కడే వాలాయి. వాటికి ఎడంగా, నీటి మధ్యలో పది పన్నెండు బాతులు విడిగా ఉన్నాయి. అవి బూడిదరంగు కలిసిన గోధుమరంగులో ఉన్నాయి. మేము ఉన్న గంటన్నరలో ఒక్కటి కూడా తల ఎత్తలేదు, ముక్కు వీపు ఈకలలో దూర్చుకుని అలా తేలుతూనే ఉన్నాయి.

అమ్మాయి వెంట తెచ్చుకున్న బొమ్మల పుస్తకంలో సూదితోక బాతు మగదానికి చాక్లెట్ రంగు తల, తెల్లని మెడ ఉన్నాయి. చెంచామూతి బాతు మగదానికి మెరిసే ఆకుపచ్చ తల ఉంది. అటువంటిది ఒక్కటీ మాకు కనిపించలేదు. "ఇవన్నీ మామూలు ఊరబాతులే నాన్నా" అంటూ అమ్మాయి నీరుగారిపోయి ఇంటికి వచ్చింది. అందుచేత పెద్దలను అడుగుతున్నాను. మేము చూసినవాటిలో వలస వచ్చినవి ఏమైనా ఉన్నాయా, లేక తొందరపడి ముందుగా వెళ్ళామా? రంగు కాక వేరే ఆనవాళ్ళు ఏమిటి? విశాఖ చుట్టుపక్కల ఒక్కరోజులో వెళ్ళి రాగల చోట్లు ఇంకా ఏవి?

గట్టుమీది తాతయ్య – జవాబు

మాస్టారూ, మీ అమ్మాయి చూసి నిరుత్సాహపడిన ఆ పది పన్నెండు బాతులే బహుశా ఆ రోజు జలాశయంలో అందరికంటే దూరం నుంచి వచ్చినవి. ఈల వేసిన పెద్ద గుంపు మాత్రం వలస పక్షులది కాదు. వాటిని మా చిన్నప్పుడు చిలువలు అనేవారు. ఇప్పుడు ఈల బాతులు అంటున్నారు. అవి ఏడాది పొడుగునా మన దగ్గరే ఉండి, చెట్టు తొర్రలలోనూ తుంగ పొదలలోనూ గుడ్లు పెట్టుకుంటాయి. వానాకాలంలో జంటలుగా విడిపోయి ఊరూరా చిన్న చెరువులలో ఉన్నవన్నీ చలికాలానికి పెద్ద నీళ్ళ మీదికి చేరి గుంపు కడతాయి కనుక, కొత్తవారు వాటిని చూసి ఎక్కడి నుంచో దిగాయని అనుకోవడం సహజం. ఎగిరేటప్పుడు వాటి రెక్కలు వెడల్పుగా, ముదురుగా, ఎక్కడా తెలుపు లేకుండా ఉంటాయి. మెడ కాస్త కిందికి వాలినట్లుగా ఉంటుంది. ఇక ఆ ఈల వినిపించిన తరువాత వేరే రుజువు అక్కరలేదు.

విడిగా నిద్రపోతున్నవి గార్గనీలు అయి ఉంటాయని నా నమ్మకం. మన వైపుకు అన్నిటికంటే ముందుగా వచ్చే వలస బాతు అదే. ఆగస్టు చివరి నుంచే ఒకటి రెండు గుంపులు దిగడం మొదలవుతుంది, సూదితోకలూ చెంచామూతులూ అక్టోబరు, నవంబరు నెలలలో గాని గట్టిగా రావు. కాబట్టి మీరు ముందుగా వెళ్ళలేదు. వెళ్ళిన గంట మాత్రం తప్పు. ఈ బాతులలో చాలావరకు రాత్రివేళ వరిచేలలోనూ లోతు తక్కువ నీళ్ళలోనూ మేత మేసి, పగలు పెద్ద నీటి మధ్యలో, గట్టు మీద తిరిగే కుక్కలకూ మనుషులకూ అందనంత దూరంలో నిద్రపోతాయి. తొమ్మిది గంటలకు వెళ్ళడమంటే రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మనిషిని పలకరించబోవడమే. తెల్లవారక ముందే వెళ్ళి తూర్పు గట్టున కూర్చుంటే, సూర్యుడు మీ వీపు వెనుక ఉండి బాతుల మీద వెలుతురు పడుతుంది. అవి మేత నుంచి తిరిగి వచ్చి దిగే దృశ్యమూ దొరుకుతుంది.

ఇక రంగుల సంగతి. బాతులకు ఒక విచిత్రమైన పద్ధతి ఉంది. చాలా పక్షులు రెక్కల ఈకలను కొన్ని కొన్నిగా రాలుస్తూ కొత్తవి పెంచుకుంటాయి. బాతులు మాత్రం పిల్లల కాలం ముగిసే వేళకు ఎగిరే ఈకలన్నింటినీ ఒకేసారి రాల్చివేసి, మూడు నాలుగు వారాల పాటు అసలు ఎగరలేకుండా ఉండిపోతాయి. ఆ రోజులలో మెరిసే రంగులతో నీటి మీద తిరిగితే ఏ నక్కకో గద్దకో ఎర కావలసిందే కనుక, మగబాతు అంతకు ముందే తన పెళ్ళికొడుకు వేషం తీసివేసి ఆడదాని వంటి మట్టిరంగు ఈకలు తొడుక్కుంటుంది. దీనిని ఇంగ్లీషులో ఎక్లిప్స్ అంటారు. గ్రహణం అన్న పేరు చక్కగానే అతికింది. కొత్త రెక్కలు వచ్చీ రాగానే, ఈ గ్రహణం ఇంకా విడవకుండానే, దక్షిణానికి బయలుదేరుతాయి. అందువల్ల అక్టోబరులో మన చెరువులలో దిగే మగబాతులు ఆడవాటిలాగానే కనిపిస్తాయి. సూదితోకలకు నవంబరు, డిసెంబరు నాటికి రంగులు తిరిగి వస్తాయి; గార్గనీ మగది మరీ బద్ధకస్తుడు, ఫిబ్రవరి దాకా ఆ పాత బట్టలలోనే తిరుగుతుంది. బొమ్మల పుస్తకాలు వేసేవారు పెళ్ళినాటి ఫొటో ఒక్కటే అచ్చు వేసి మనకు చాలా అన్యాయం చేశారని నా అభిప్రాయం.

రంగు మరిచిపోయి ముఖం చూడండి. గార్గనీ ఆడదానికైనా, గ్రహణంలో ఉన్న మగదానికైనా ముఖం మీద చారలు స్పష్టంగా ఉంటాయి. కంటి మీదుగా ముదురు గీత, దాని పైన తేటగా కనుబొమ గీత, ముక్కు మొదట్లో ఒక లేత చుక్క, దాని కింద బుగ్గ మీద మరొక ముదురు గీత కనిపిస్తాయి. అంతే చిన్నదైన కామన్ టీల్ అనే మరో వలస బాతు ముఖం ఇంత గీతలుగా ఉండదు. దాని తోక పక్కన సన్నని లేత గీత ఒకటి ఉంటుంది. చెంచామూతి బాతుకు ముక్కే చాలు, అట్లకాడను తగిలించుకున్నట్లు ముఖం కంటే ముక్కు పొడుగు. గాడ్వాల్ అనే బాతు అయితే రెక్క వెనుక అంచున తెల్లని చదరం మెరుస్తుంది. ఎగిరేటప్పుడు గార్గనీ మగదాని రెక్క ముందుభాగం లేత నీలి బూడిదరంగులో ఉంటుంది, ఆ ఒక్క రంగును గ్రహణం కూడా దాచలేదు. చెంచామూతికీ అక్కడ నీలమే ఉంటుంది కాని, ముక్కు చూశాక ఇంకా పొరబడేవారు ఉండరు.

సైబీరియా మాట గురించి ఒక్కటి చెప్పి ముగిస్తాను, ఎందుకంటే పత్రికలలో ఆ మాట చదివినప్పుడల్లా నాకు చిరాకు కలుగుతుంది. గార్గనీలు ఐరోపా నుంచి మంగోలియా వరకు పరచుకున్న గడ్డినేలలలో, చిత్తడినేలలలో పిల్లలను చేసే పక్షులు. దక్షిణ సైబీరియా అందులో ఒక భాగమే. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు మన దేశంలో కాళ్ళకు ఉంగరాలు తొడిగి వదిలిన బాతులు రష్యాలోనూ కజకిస్తాన్‌లోనూ దొరికాయి కనుక, బాతుల విషయంలో ఆ మాట కొంతవరకు నిజం. కాని శ్రీకాకుళం జిల్లా తేలుకుంచిలో చెట్ల నిండా గూళ్ళు కట్టే నత్తగొంగలను, తేలినీలాపురంలో దిగే గూడబాతులను, ఎర్రకాళ్ళ కొంగలను కూడా "సైబీరియా పక్షులు" అని రాస్తున్నారు. అవి మన ఉపఖండపు పక్షులే. నీటినీ మేతనూ బట్టి ఇక్కడిక్కడే తిరుగుతాయి, మన దగ్గరే గుడ్లు పెట్టి పిల్లలను చేస్తాయి. చలికాలం గడపడానికి వచ్చే వలస పక్షి మన దగ్గర గూడు కట్టదు. ఈ ఒక్క సూత్రం మీ అమ్మాయికి చెబితే పత్రికలవారి తప్పులు తానే పట్టుకుంటుంది. నిజంగా సైబీరియా పేరు పెట్టుకున్న కొంగ రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు వచ్చేది. 2002 తరువాత అది మన దేశంలో కనిపించలేదు.

ఆవ ఒడ్డు – జవాబు

తాతయ్యగారు చెప్పిన తరువాత బాతుల గుర్తుల గురించి నేను చెప్పేది ఏమీ లేదు కాని, చోట్ల గురించి అడిగారు కనుక మా ఊరి వైపు సంగతి రాస్తున్నాను. మాకు కొండకర్ల ఆవ పక్కన కొద్దిగా పొలం ఉంది. కొల్లేరు తరువాత రాష్ట్రంలో రెండవ పెద్ద మంచినీటి సరస్సుగా చెప్పుకునే ఈ ఆవ, 2022లో జిల్లాల విభజన తరువాత అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. విశాఖ నుంచి సుమారు 50 కిలోమీటర్లు, అనకాపల్లి మీదుగానైనా అచ్యుతాపురం మీదుగానైనా రావచ్చు.

మేఘాద్రి గెడ్డలో మీకు తెరిచిన నీళ్ళు కనిపిస్తాయి. మా ఆవలో సగం నీరు తామరాకుల కింద, తుంగ కింద, దురదృష్టవశాత్తూ గుర్రపుడెక్క కింద కూడా ఉంటుంది. అందుచేత ఇక్కడ బాతుల కంటే ముందుగా ఆకుల మీద నడిచే పక్షులు కనిపిస్తాయి. పొడుగాటి కాలివేళ్ళతో తామరాకు మీద అడుగులు వేసే జకానాలు, నీలి రంగు బొల్లికోళ్ళు, క్షణంలో మునిగి మరొక చోట తేలే బుడబుంగలు అమ్మాయికి గంటల తరబడి కాలక్షేపం కలిగిస్తాయి. పత్తిబాతులు అని కొందరు పిలిచే అతి చిన్న తెల్లని బాతులు కూడా తామరాకుల మధ్యనే ఉంటాయి. అవి కూడా వలస పక్షులు కావు.

రెండు తాటి మొద్దులను తొలిచి జతగా కట్టిన దోనెల మీద ఇక్కడివారు మనిషిని లోపలికి తీసుకువెళతారు. చప్పుడు లేకుండా ఆకుల మధ్య నుంచి వెళ్ళడానికి అంతకు మించిన వాహనం లేదు. ఉదయం ఆరున్నరకే వచ్చి దోనె ఎక్కండి. ఒడ్డు మీద కూర్చుంటే తుంగ అడ్డం వచ్చి మీకు ఏమీ కనిపించదు.

ఒక జాగ్రత్త. కార్తీకమాసంలో, ముఖ్యంగా ఆదివారాలలో, వనభోజనాల వారితో ఒడ్డంతా నిండిపోతుంది. ఉసిరి చెట్టు కింద భోజనం చేయడానికి ఎవరికీ అభ్యంతరం లేదు కాని, వాహనంలో తెచ్చిన సౌండ్ బాక్సులు పెట్టిన పదవ నిమిషానికి బాతులన్నీ అవతలి కొసకు వెళ్ళిపోతాయి. సరిగ్గా వలస బాతులు దిగే నెలలోనే ఇది జరుగుతుంది. మీరు పనిదినం చూసుకుని రండి.

పది ఇంటూ – జవాబు

దోనె విషయంలో నేను ఏకీభవించలేను. జకానాలకు, బొల్లికోళ్ళకు దోనె బాగానే ఉంటుంది. నిద్రలో ఉన్న వలస బాతుల గుంపు వైపు మాత్రం దోనె తోయించకండి. గెడకర్ర పైకి లేవడం చూస్తేనే అవి వంద గజాల దూరం నుంచి లేచిపోతాయి. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చి ఒంట్లో కొవ్వు కరిగిపోయిన పక్షిని పదే పదే లేపితే, తిన్నది కాస్తా ఎగరడానికే ఖర్చవుతుంది. ఎగిరే ఫొటో కోసం గట్టు మీద నిలబడి చప్పట్లు కొట్టేవారిని కూడా చూశాను, వారి గురించి ఏమీ రాయకపోవడమే మర్యాద.

మాస్టారూ, మీరు అరువు తెచ్చుకున్న బైనాక్యులర్ మీద ఏ అంకెలు ఉన్నాయో చూడండి. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపుతుందో చెబుతుంది, రెండవది ముందు అద్దం వ్యాసం మిల్లీమీటర్లలో. పది రెట్లది చేతిలో వణుకుతుంది. కొత్తగా కొనాలనుకుంటే 8 ఇంటూ 42 పిల్లలకు అనువైనది, తెల్లవారుజామున వెలుతురు కూడా బాగా పట్టుకుంటుంది. నేను పది ఇంటూ కొని, మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి చూడడం అలవాటు చేసుకున్నాను. నా పేరు అలా వచ్చింది.

ముడసర్లోవ జలాశయం కూడా మీకు ఒక పూట పని. అక్కడ 2018లో నీటి మీద తేలే 2 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం పెట్టారు. ఆ పలకల అంచున వరుసగా రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకులను చూడడం నాకు ఇష్టం. ముడసర్లోవ, మేఘాద్రి గెడ్డ రెండూ నగరానికి తాగునీరు ఇచ్చే జలాశయాలు కనుక, కాపలాదారుకు ఒక మాట చెప్పి గట్టు ఎక్కండి. మేఘాద్రి గెడ్డ దిగువన విమానాశ్రయం వైపు బురదనేలలలో ఉల్లంకి పిట్టలు బాగానే దిగుతాయి కాని, అది నౌకాదళపు చోటు. అటు కెమెరా తిప్పవద్దు.

బాతులను వేలల్లో చూడాలంటే మాత్రం సంక్రాంతి ముందు రైలెక్కి బాలుగావ్‌లో దిగి ఒడిశాలోని చిలికా సరస్సు చూడండి. ఉత్తరపు కొసన ఉన్న మంగళాజోడిలో ఒకప్పుడు పక్షులను వేటాడినవారే ఇప్పుడు పడవ నడుపుతూ వాటిని చూపిస్తున్నారు.

పెందుర్తి మాస్టారు – తిరిగి

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్లే మొన్న రెండవ శనివారం తెల్లవారుజామున ఐదున్నరకు బయలుదేరి, తూర్పు గట్టున ఒక తుమ్మచెట్టు పక్కన దుప్పటి పరుచుకుని కూర్చున్నాము. నీటి మట్టం రెండడుగుల మేర తగ్గి, అంచున బురద కనిపిస్తోంది.

ఆరు గంటల పది నిమిషాలకు పైనుంచి గుడ్డ చించినట్లు ఒక చప్పుడు వచ్చి, పదిహేడు బాతులు మా ఎదుట నీటిలో దిగాయి. పదిహేడు అని ఖచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, అమ్మాయి మూడుసార్లు లెక్కపెట్టింది. అవి వెంటనే నిద్రపోలేదు. పావుగంట సేపు ఈకలు సర్దుకున్నాయి. అందులో ఒకటి మాకు దగ్గరగా వచ్చి, ఒక కాలు ఎత్తి దవడ కింద గోక్కుంటూ ముఖాన్ని పూర్తిగా మా వైపు తిప్పింది. తాతయ్యగారు చెప్పిన కనుబొమ గీత, కంటి గీత, ముక్కు దగ్గర చుక్క, బుగ్గ గీత అన్నీ ఒక్కొక్కటిగా కనిపించాయి. అమ్మాయి నా చేతిలోని బైనాక్యులర్ లాక్కుని మళ్ళీ ఇవ్వలేదు. తరువాత ఒక గద్ద మీదుగా వెళ్ళినప్పుడు అవి నీటి మీద పరుగు పెట్టకుండా ఉన్నచోటనే నిటారుగా లేచాయి. అందులో ఆరింటి రెక్కల ముందుభాగం నీలి బూడిదరంగులో మెరిసింది. అంటే ఆరు మగవి అని లెక్క వేసుకున్నాము.

ఒక సందేహం మిగిలింది. ఆ పదిహేడులో నాలుగు కాస్త పెద్దవిగా, మెడ సన్నగా పొడుగ్గా, ముఖం గీతలు లేకుండా సాదాగా ఉన్నాయి. వాటి ముక్కు బూడిదరంగు. అవి ఆడ గార్గనీలు అని రాసుకున్నాము. సరేనా?

గట్టుమీది తాతయ్య – జవాబు

సరికాదు మాస్టారూ. గార్గనీ ఆడదానికైనా ముఖం మీద గీతలు స్పష్టంగా ఉంటాయని చెప్పాను కదా, గీతలు లేనిది గార్గనీ ఎలా అవుతుంది? బూడిదరంగు ముక్కు, సన్నని పొడుగు మెడ, సాదా ముఖం అంటే అవి సూదితోక బాతులు, ఆడవో గ్రహణంలో ఉన్న మగవో. తోక చివర మొనదేలి ఉందేమో చూశారా? కాబట్టి మీ లెక్కను పదమూడు గార్గనీలు, నాలుగు సూదితోకలు అని దిద్దుకోండి. మగవి ఆరు అన్నది కూడా "కనీసం ఆరు" అని రాయండి, లేచిన క్షణంలో అన్ని రెక్కలూ మీ వైపు తిరిగి ఉండవు.

దిద్దిన తరువాత తేదీ, సమయం, చోటు, ఎంతసేపు కూర్చున్నారో కలిపి, చూసిన పక్షుల లెక్కలు రాసిపెట్టే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో అమ్మాయి చేతనే నమోదు చేయించండి. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. మూడుసార్లు లెక్కపెట్టే ఓపిక ఉన్న మనుషులు మాకు ఎప్పుడూ తక్కువే. ఆ నాలుగు బాతులను వదలకుండా చూస్తూ ఉండండి. డిసెంబరులో వెళ్ళినప్పుడు వాటిలో ఏ ఒక్కదానికి చాక్లెట్ రంగు తల వచ్చినా నాకు రాయండి.